పోలారావు నోట్లో నలభై ఆరేళ్ళు

నేను ఒక మౌత్ ఆర్గాన్‌ను. అరచేతిలో ఇమిడే ఒళ్ళు, పది బెజ్జాలు, లోపల ఇరవై ఇత్తడి నాలుకలు. ఒక్క నాలుక ఉన్నవాళ్ళే పూటకో అబద్ధం ఆడే లోకంలో, ఇరవై నాలుకలున్న నన్ను నమ్మమని అడగడం సాహసమే. అయినా నమ్మండి. మనుషులు ఒకరినొకరు ముఖం చూసి గుర్తుపడతారట. నాకు ఆ సదుపాయం లేదు. నాకు దగ్గరగా తెలిసింది నోళ్ళే. ముఖం నవ్వుతూనే ఉండగా నోరు రాత్రి తిన్న వెల్లుల్లితో సహా నిజం చెప్పేస్తుంది.

పుట్టింది జర్మనీలో ఒక కొండ ఊరి కార్ఖానాలో. జలుబుతో ఉన్న ఒకావిడ నా నాలుకలను ఒక్కొక్కటే ఆకురాయితో గీకి, శ్రుతి చూసి, నాలుగు మేకులు కొట్టి పెట్టెలో పడేసింది. అక్కడినుంచి అమెరికాలో ఒక రేవు పట్టణానికి చేరాను. దుకాణం అద్దంలో ఏడాది కూర్చున్నాక, ఆమోస్ అనే నల్లజాతి పెద్దమనిషి కొన్నాడు. అతను సరుకుల ఓడలో వంటవాడు. వంట ఘోరం, వాయిద్యం అద్భుతం. ఓడలో జనం మధ్యాహ్నం అతని కూర తిని బాధపడేవాళ్ళు, సాయంత్రం అతని పాట విని ఓదార్పు పొందేవాళ్ళు. జబ్బూ మందూ ఒకే చోట దొరికేవన్నమాట.

అతను వాయించేది బ్లూస్. అతని తాతలు పత్తిచేలల్లో చాకిరీ చేస్తూ కట్టుకున్న పాటలు. ఏడుపు పాటలే, కానీ ఏడుస్తూనే యజమానిని వెక్కిరించే ఏడుపు. ఆ పాటలకు ఊదడం కంటే పీల్చడం ముఖ్యం. గాలిని లోపలికి లాగుతూ వాయించేవాడు తన నాలుకను కిందికి నొక్కితే నా స్వరం వంగుతుంది, జారుతుంది, మూలుగుతుంది. కార్ఖానాలో నన్ను శ్రుతి చేసిన ఆవిడ వింటే గుండె ఆగి చచ్చేది.

అరవై ఎనిమిదో సంవత్సరంలో మా ఓడ గోధుమలు వేసుకుని విశాఖపట్నం వచ్చింది. గోధుమలు దిగాయి కానీ ఓడ కదలలేదు. అడుగున నీళ్ళలో ఓడను నడిపే పంకా తిప్పే ఇరుసు వంకరపోయింది. దాన్ని బాగుచెయ్యడానికి ఏడు వారాలు పట్టింది. ఆ పనికి వచ్చిన ఖలాసీలలో ఒకడు మైలపల్లి పోలారావు. జాలారిపేట కుర్రవాడు, ఇరవై నాలుగేళ్ళు, బరువులకు గొలుసులు కట్టడంలో మొనగాడు.

మధ్యాహ్నం బువ్వ వేళ ఆమోస్ వంటగది వెనక బకెట్టు బోర్లించుకుని కూర్చుని వాయిస్తుంటే, పోలారావు వచ్చి ఎదురుగా నిలబడి నోరు తెరుచుకుని విన్నాడు. మర్నాడూ అంతే. మూడోరోజూ అంతే. తెరిచిన నోరు ఖాళీగా ఉండడం వంటవాడికి నచ్చదు. ఆమోస్ నన్ను నడుముకు కట్టుకున్న వంటగుడ్డ అంచుకు తుడిచి ఆ నోట్లో పెట్టేశాడు.

చద్దన్నం, పచ్చి ఉల్లిపాయ, ఎండు నెత్తళ్ళు. మా తొలి పరిచయం అది. తట్టుకున్నాను.

ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. అయినా ఏడు వారాల్లో ఆమోస్ అతనికి రైలు కూత నేర్పాడు, కోడిపెట్ట అరుపు నేర్పాడు, చివరికి స్వరం వంచడం నేర్పాడు. ఓడ బయలుదేరే ముందురోజు, ఓడ కాగితాలు చూసే గుమాస్తాను పిలిచి మధ్యన కూర్చోబెట్టుకుని ఒక ప్రశ్న అడిగాడు.

గుమాస్తా తెలుగులో చెప్పాడు. "ఇవి దుఃఖం పాటలటయ్యా. దుఃఖం ఉన్నవాడే వాయించాలంట. నీకేం దుఃఖం ఉందని అడుగుతున్నాడు."

పోలారావు చాలాసేపు ఆలోచించాడు. ఉద్యోగం పర్మనెంటయింది. పెళ్ళయి నాలుగు నెలలు. పెళ్ళాం అచ్చియ్యమ్మ చేపల పులుసు పెడితే వీధి వీధంతా లొట్టలేస్తుంది. సిగ్గుతో తల దించుకుని చివరికి అన్నాడు. "మా మేస్త్రీ మంచోడు కాదండి."

ఆ మాట ఇంగ్లీషులోకి వెళ్ళాక ఆమోస్ నవ్విన నవ్వుకి బకెట్టు దొర్లిపోయింది. "మొదలెట్టడానికి చాలు" అన్నాడట. నన్ను పోలారావు జేబులో వేశాడు. పోలారావు బదులుగా ఒక సీసాడు ఎండురొయ్యల పొడి ఇచ్చాడు. ఆ తర్వాత ఆ ఓడలో వంట బాగుపడిందని ఆశిస్తాను.

ఆ ప్రశ్న మాత్రం పోలారావుని పట్టుకుంది. వాయిద్యం వచ్చింది, దుఃఖం లేదు. ఎవరో పెళ్ళికి పిలిచి పట్టుబట్టలు పెట్టి, పెళ్ళికూతుర్ని మాత్రం నువ్వే తెచ్చుకో అన్నట్టయింది అతని పరిస్థితి. దాంతో దుఃఖం కోసం వెతకడం మొదలుపెట్టాడు. ముందు ఇంట్లో ప్రయత్నించాడు.

"పులుసులో ఉప్పు లేదు" అని ఒకరోజు కంచం తోసేశాడు.

అచ్చియ్యమ్మ పొద్దున్నే చేపల గంప నెత్తినెట్టుకుని బజారుకు వెళ్ళి అమ్ముకొచ్చే మనిషి. నోటికీ చేతికీ జంకు లేదు. "ఉప్పు నేదని మూడుమాట్లు ఏసుకున్నావేటి? నాలుగోమాటు కూడా ఏత్తాను, అప్పుడు సెప్పు" అంది. వేసింది. అతను తిన్నాడు. జగడం అక్కడితో సరి.

తర్వాత సముద్రం ఒడ్డున ఒంటరిగా కూర్చుని అలల వైపు దిగులుగా చూశాడు. చల్లగాలికి పది నిమిషాల్లో నిద్రపోయాడు. చివరికి ముక్కూ ముఖం తెలియనివాళ్ళ శవయాత్రల వెంట నడిచాడు. అక్కడ నిజంగానే ఏడుపొచ్చేది, ఎందుకంటే మనిషి మెత్తన. కానీ అతను ఎంత బాగా ఏడ్చేవాడంటే చచ్చినవాడికి చాలా దగ్గరివాడనుకుని పదకొండోరోజు భోజనానికి కూడా పిలిచేవాళ్ళు. కడుపు నిండా తిని, తాంబూలం వేసుకుని, నన్ను నోట్లో పెట్టుకునేవాడు. వక్కపలుకులు బెజ్జాల్లో ఇరుక్కునేవి. ఇదీ నా బ్లూస్ ప్రస్థానం.

డెస్మండ్ మాకు అలా ఒక శవయాత్ర నుంచి వస్తున్న దారిలోనే తగిలాడు. ఆంగ్లో ఇండియన్, వాల్తేరులో రైల్వే గార్డు, గిటారు వాయించేవాడు. పోలారావు నడుస్తూ వాయిస్తున్నది విని సైకిలు దిగి అడ్డం నిలబడ్డాడు.

"ఏయ్ మ్యాన్! ఇది నీకు ఎవరు నేర్పింది?"

"ఓడలో వంటోడండి."

"శనివారం నా కూడా వస్తావ్. నో అనకూడదు."

రేవు దగ్గర విదేశీ నావికుల కోసం ఒక క్లబ్బు ఉండేది. ఆ శనివారం మొదలు పంతొమ్మిదేళ్ళపాటు ప్రతి శనివారం సాయంత్రం ఈ జంట అక్కడ వాయించింది. డెస్మండ్ పేరు అచ్చియ్యమ్మకు నోరు తిరగలేదు. మొదటిసారి ఇంటికొచ్చినప్పుడు రెండుసార్లు చెప్పించుకుని, అతని ఊపిరి వాసన కూడా పరిశీలించి, "దేశిమందు" అని ఖాయం చేసింది. జాలారిపేట అంతా అతను దేశిమందు దొరే. అతను కోప్పడలేదు. పేరుకు తగ్గట్టు నడుచుకున్నాడు కూడా.

క్లబ్బులో నార్వేవాళ్ళు ఏడ్చేవాళ్ళు, గ్రీకులు ఏడ్చేవాళ్ళు, రష్యావాళ్ళు ఏడ్చి మళ్ళీ వాయించమనేవాళ్ళు. ఏడాదికేడాది పోలారావు చేతిలో ఆమోస్ పాటలు మారసాగాయి. రైలు నడక ఉండాల్సిన చోట అలివి వల లాగే జాలర్ల కేకల దరువు వచ్చి కూర్చుంది. పీల్చి, ఆపి, ఒక్కసారిగా వదలడం. పదిమంది ఒకే తాడు లాగుతున్నట్టు ఉండేది.

డెస్మండ్‌కి మొదట మింగుడుపడలేదు. "మిసిసిపీలో ఇలా వాయించరు మ్యాన్."

"మాది జాలారిపేట కదండి" అన్నాడు పోలారావు.

డెస్మండ్ కాసేపు తల గోక్కుని, గిటారు తీగలు సడలించి, ఆ దరువుకు సరిపోయేటట్టు మళ్ళీ శ్రుతి చేసుకున్నాడు. సంగీతంలో అంత తొందరగా తీరిన తగాదా నేను చూడలేదు.

ఒక వేసవిలో మద్రాసు నుంచి పిలుపొచ్చింది. సినిమాలో కథానాయిక పడవ మీద వెళుతుంటే మౌత్ ఆర్గాన్ వినపడాలట. పోలారావు ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాడు. స్టూడియోలో సంగీతం చూసే పెద్దాయన కళ్ళు మూసుకుని విని, ఉలిక్కిపడి తెరిచాడు.

"స్వరం జారుతోందయ్యా."

"జార్చినానండి."

"ఎందుకు జార్చావు?"

"పాట అందులోనే ఉంది కదండి."

తిన్నగా వాయించమన్నారు. పదకొండుసార్లు ప్రయత్నించాడు పాపం. పదకొండుసార్లూ ఎక్కడో ఒకచోట ఊపిరి దానంతటది వంగింది. నా తప్పు కూడా కొంత ఉందని ఒప్పుకుంటాను. వంగడం మరిగిన నాలుకలు నావి. పన్నెండోసారికి తళతళలాడే పెద్ద వాయిద్యంతో వేరే ఆయన వచ్చాడు. ఆ సినిమా వంద రోజులు ఆడింది. మేము సాయంత్రం మెయిలుకు ఎక్కేశాం.

"ఏటన్నారు సినిమావోలు?" అంది అచ్చియ్యమ్మ గుమ్మంలోనే.

"జారిపోతందన్నారు."

ఆమె అతన్ని నడుం నుంచి పాదాల దాకా ఎగాదిగా చూసింది. "ఏటి, పంచా?"

అంత అవమానం జరిగింది కదా, ఇప్పుడన్నా దుఃఖం వచ్చి ఉంటుందని పోలారావు ఆశపడ్డాడు. కానీ ఆ ఒక్క మాటకు ఇద్దరూ గుమ్మంలో కూలబడి కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు. అదీ పోయింది.

కాలక్రమాన సరుకంతా పెద్ద పెద్ద ఇనుప డబ్బాల్లో మోసే ఓడలు వచ్చాయి. వారాల తరబడి ఆగే ఓడలు ఒక్కరోజులో సరుకు దించుకుని వెళ్ళిపోసాగాయి. నావికులకు రేవులో దిగి ఏడ్చే తీరిక లేకపోయింది. క్లబ్బుకు తాళం పడింది. ఆ తర్వాత దాదాపు పదేళ్ళకు డెస్మండ్ రిటైరయ్యాడు, కాలేయం అతనికంటే ముందే రిటైరయింది. ఆసుపత్రి మంచం మీద పచ్చగా పడి ఉండి కూడా పోలారావు చెయ్యి పట్టుకుని జాగ్రత్తలు చెప్పాడు.

"నా సమాధి దగ్గర స్లోగా వాయించొద్దు మ్యాన్. ఎండలో నిలబడిన జనం పడిపోతారు."

ఆగస్టులో పోయాడు. సమాధుల తోటలో మట్టి వేశాక అందరూ పోలారావు వైపు చూశారు. అతను నన్ను జేబులోంచి తీసి పెదాల మధ్య పెట్టుకున్నాడు. నేను సిద్ధంగానే ఉన్నాను. ఊపిరి రాలేదు. అతని పళ్ళు నా రేకు మీద టకటకమని కొట్టుకుంటున్నాయి, అంతే. నన్ను తుడిచి జేబులో పెట్టుకుని, ఎవరి ముఖమూ చూడకుండా ఇంటికొచ్చాడు.

నన్ను ఒక రేకు డబ్బాలో పెట్టాడు. అందులో పాత రేషన్ కార్డు, తలనొప్పి మందు సీసా, విరిగిన తాళంచెవి నా ఇరుగుపొరుగు. పదమూడు నెలలున్నాను. పోలారావు పనికి వెళ్ళేవాడు, వచ్చేవాడు, గోడకు ఆనుకుని కూర్చునేవాడు. పులుసు రెండోసారి వడ్డించుకోవడం మానేశాడు. అది అచ్చియ్యమ్మకు కంగారు పుట్టించింది.

ఒకరోజు పొద్దున్నే అడిగేసింది. "పెళ్ళయిన కాడినించీ దుక్కం, దుక్కం అనీసి ఊరిమీద పడి తిరిగినావు. ఇప్పుడు వొచ్చింది కదా. వాయించవేటి?"

"అది గొంతుకాడ కూకున్నాదే. పైకి రాదు, కిందకి దిగదు."

ఆమె లేచింది. డబ్బా మూత తీసింది. నన్ను పమిట చెంగుతో గట్టిగా తుడిచి, గుమ్మంలో బాసింపట్టు వేసుకుని కూర్చుని, పది బెజ్జాలూ ఒక్కసారే నోట్లో పెట్టుకుని, చేపలు అమ్మే గొంతు వెనకున్న ఊపిరినంతా ఊదేసింది.

నా జీవితంలో అంత అవమానం ఎరగను. మద్రాసు దీని ముందు సన్మానం. వీధి కుక్కలు లేచి నిలబడ్డాయి. పక్కింటావిడ పరుగెత్తుకొచ్చి, "ఒదినా, పిల్లిని తొక్కినావేటి?" అంది. అచ్చియ్యమ్మ తల కూడా తిప్పకుండా ఊదుతూనే ఉంది. మర్నాడూ ఊదింది. గంప దించగానే ఊదేది, ముఖం కడుక్కుని ఊదేది. పోలారావు చెవులు మూసుకున్నాడు, సముద్రం దాకా నడిచి వచ్చాడు, దుప్పటి కప్పుకున్నాడు. తొమ్మిదోరోజు దుప్పటి విసిరేసి లేచాడు.

"అలగ ఊదకే తల్లీ! పీల్చు. లోపలికి పీల్చు."

"నాకు రాదు. నువ్వు పీల్చి సూపించు."

తీసుకున్నాడు. చూపించడానికే పీల్చాడు. రెండో బెజ్జంలో మొదలైన ఆ ఊపిరి ఆగలేదు. స్వరం ఎంత కిందికి వంగిందంటే అంత లోతు నాలో ఉందని నాకే తెలియదు. అతని కళ్ళు మూసే ఉన్నాయి, నీళ్ళు నా రేకు మీదుగా బెజ్జాల్లోకి కారుతున్నాయి. ఉప్పు నీళ్ళు ఇత్తడికి మంచివి కావు. నేనేమీ అనుకోలేదు. సగంలో దరువు మారింది. డెస్మండ్ చెప్పినట్టే స్లోగా లేదు. అచ్చియ్యమ్మ లేచి వెళ్ళి చేపలు తోముకుంటూ వీపు ఇటు పెట్టుకుని విన్నది.

ఆ తర్వాత ఇంకో పదిహేనేళ్ళు రోజూ పొద్దున్నే సముద్రం ఒడ్డున వాయించాడు. వినేవాళ్ళు వాకింగు చేసే రిటైర్డు ఆఫీసర్లు. వాళ్ళు "చక్కగా ఊదుతున్నావోయ్" అనేవాళ్ళు. పీల్చడం అని ఒక్కడికీ తెలియదు. అలాంటి ఒక పొద్దున సుచరిత అనే అమ్మాయి వచ్చి ఇసుకలో కూర్చుని గంట సేపు విన్నది. బెంగుళూరులో ఏటేటా జరిగే బ్లూస్ ఉత్సవం నడిపేవాళ్ళలో ఆమె ఒకతి. "మీరు మా దగ్గరికి రావాలి బాబాయిగారూ" అంది. పోలారావుకు అప్పటికి డెబ్భై.

ఇక్కడ పళ్ళు అడ్డం వచ్చాయి. చుట్టల పుణ్యమా అని అన్నీ కదులుతున్నాయి. డాక్టరు టార్చి వేసి చూసి, ఒక్కటి కూడా ఉంచడానికి లేదన్నాడు. ఉత్సవం రెండు నెలల్లో ఉంది. పీకించుకున్నాడు, కట్టుడు పళ్ళు పెట్టించుకున్నాడు. నా బతుకు నరకమయింది. ఊదితే ఈల, పీలిస్తే టక్కుమనే చప్పుడు. స్వరం వంచబోతే పైవరస ముందుకు జారి నన్ను పలకరించేది. పోలారావు బెదిరిపోయి, రానని ఉత్తరం రాయిస్తానన్నాడు.

"పళ్ళు కొత్తవి, నోరు పాతది. కలవడానికి కాస్త టయిం పడతాది. మనకి కలవలేదేటి?" అంది అచ్చియ్యమ్మ. టిక్కెట్లు ఇద్దరికీ తీయించింది.

బెంగుళూరులో పెద్ద మైదానం, వేలమంది జనం. వేదిక మీద కుర్రవాడొకడు "వైజాగ్ నుంచి బ్లూస్ దిగ్గజం పాల్ రావ్!" అని అరిచాడు. పోలారావు ఎవరో వేరే ఆయనను పిలుస్తున్నారనుకుని మర్యాదగా చప్పట్లు కొట్టాడు. సుచరిత తోసి పంపింది. వాయించే ముందు ఆ కుర్రవాడు మైకు పెట్టి, ఇంత గొప్ప సంగీతం వెనక ఉన్న వేదన ఏమిటని అడిగాడు. సుచరిత పక్కన నిలబడి తెలుగులో చెప్పింది.

"నాకేటి ఏదనమ్మా? మా ఇంటిది పులుసు బాగా ఎడతాది. ఒక్క నేస్తం పోయినాడు. అంతే" అన్నాడు పోలారావు. సుచరిత దాన్ని ఇంగ్లీషులో చెప్పేసరికి జనానికి అందులో ఏదో గూఢార్థం తోచింది. హోరున ఈలలు వేశారు.

మొదటి పాట గట్టెక్కింది. రెండో పాట మధ్యలో, వల లాగే దరువు దగ్గర, బలంగా పీల్చి వదిలేసరికి పైవరస పళ్ళు మొత్తం ఊడి వచ్చి నన్ను కరుచుకున్నాయి. ఒక్క క్షణం నాకు పళ్ళు వచ్చాయి. ఏ వాయిద్యానికీ దక్కని యోగం. పెద్ద తెర మీద అంతా కనిపిస్తోంది. మైదానం నిశ్శబ్దమైపోయింది. పోలారావు ఒక అడుగు వెనక్కి వేశాడు. నన్ను వదిలేసి పారిపోతాడనే అనుకున్నాను.

ముందు వరసలోంచి అచ్చియ్యమ్మ లేచింది. వేదిక దగ్గరికి వచ్చి చెయ్యి చాచింది. "ఇటు తే. కిందవి కూడా తే" అంది. చేపలు అరిచి అమ్మిన గొంతు, మైకు అక్కర్లేకుండానే అందరికీ వినపడింది. అతను వంగి రెండు వరసలూ ఇచ్చాడు. ఆమె పమిట చెంగున మూట కట్టుకుని, బొడ్డున దోపుకుని, వెళ్ళి కూర్చుంది.

అప్పుడు చిగుళ్ళతో పట్టుకున్నాడు నన్ను. మెత్తగా, గాలి పోయే సందు లేకుండా. అతని తొలి ఊపిరి నాకు గుర్తే, కానీ ఇంత ఊపిరి ఎప్పుడూ తాగలేదు. పాత తలుపు తీసినట్టు, పడవను ఇసుక మీద ఈడ్చినట్టు, ముసలి మనిషి వెక్కిరించినట్టు పలికాను. చివరి పాటలో నా నాలుకల్లో ఒకటి పుటుక్కున తెగింది. ఇత్తడికీ ఒక వయసుంటుంది. అతను ఆగలేదు. మెట్టు విరిగిన చోట దాటుకుని నడిచినట్టు ఆ బెజ్జం వదిలేసి మిగతావాటి మీద పాట పూర్తి చేశాడు. మర్నాడు ఒక పత్రికవాడు "ఒక స్వరాన్ని కావాలనే విడిచిపెట్టిన సాహసం" అని రాశాడు. పళ్ళ గురించి కూడా ఏదో సాహసం అనే రాశాడు.

రైల్లో పోలారావు నా రేకులు విప్పి చూశాడు. తెగిన ముక్క అడుగున పడి ఉంది. "ఇక పనికిరాదే" అన్నాడు. అచ్చియ్యమ్మ నన్ను తీసుకుని పళ్ళ పక్కనే మూట కట్టింది. ఊరు చేరేవరకూ మేము కలిసే ప్రయాణం చేశాం.

నెల తర్వాత ఉత్సవంవాళ్ళు అరడజను కొత్త మౌత్ ఆర్గాన్లు పంపారు. నన్ను రేవు పాత వస్తువుల ప్రదర్శనశాలవాళ్ళు అడిగి పట్టుకెళ్ళారు. ఇప్పుడు అద్దాల పెట్టెలో, ఒక తుప్పు లంగరు ముక్కకూ ఎవరిదో కెప్టెను టోపీకీ మధ్యన ఉన్నాను. నా కింద చీటీ మీద 'ఆంగ్లేయ నావికుని వాయిద్యం, సుమారు 1900' అని ఉంది. వయసు ఎక్కువ వేశారు కానీ గౌరవంగానే ఉంది.

పోయిన ఆదివారం ఇద్దరూ వచ్చారు. పోలారావు అద్దం మీద చెయ్యి పెట్టాడు. కాపలా అతను పరుగెత్తుకొచ్చాడు.

"ముట్టుకోకూడదు తాతా!"

"అది నాదే బాబూ."

"ఇక్కడికొచ్చే ముసలోలందరూ ఏదో ఒకటి సూపించి నాదే అంటారు. నిన్న ఒకాయన లంగరు తనదన్నాడు."

"మాటలెందుకు? వాయించి సూపించు" అంది అచ్చియ్యమ్మ.

పోలారావు కిటికీ కింద బెంచీ మీద కూర్చుని, పళ్ళు తీసి ఆమె చేతికిచ్చి, జేబులోంచి కొత్తదాన్ని తీశాడు. ఇంకా మెరుపు తగ్గని దద్దమ్మ. దానికి ఏం వచ్చునని నవ్వుకున్నాను. అతను కళ్ళు మూసుకుని పీల్చాడు.

నలభై ఆరేళ్ళు ఆ నోట్లో ఉన్నాను. ఒక్కసారి కూడా ఎదురుగా కూర్చుని విన్నది లేదు. ఆ వంపు, ఆ మూలుగు, ఆ వెటకారం, పదిమంది ఒకే తాడు లాగే ఆ దరువు, అన్నీ నావే అనుకున్నాను. నా ఇత్తడి గొప్పదనం అనుకున్నాను. మొన్న పుట్టిన ఆ దద్దమ్మ నోట అవన్నీ ఉన్నవి ఉన్నట్టు వచ్చేస్తున్నాయి. కాపలా అతను టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడిపోయాడు. అచ్చియ్యమ్మ ఒళ్ళో పళ్ళు పెట్టుకుని కాలితో దరువు వేస్తోంది.

నాకు కోపం రావాల్సింది. పాట మధ్యకు వచ్చేసరికి ఆ సంగతే మరిచిపోయాను. పోలారావు అంత బాగా వాయిస్తాడని ఇన్నేళ్ళలో నాకు ఎవరూ చెప్పలేదు.